రబ్బరు తోటలో బడి

సైన్యం కొండెక్కుతోందన్న సంగతి రూపవతికి ఓట్‌మీల్ గిన్నెల మీద మూతలు పెట్టిన ఒక పొద్దున్న తెలిసింది.

కెనడాలోని హామిల్టన్ ఊళ్లో, మౌంటెన్ అని పిలిచే గుట్ట మీదున్న ఆసుపత్రి వంటగది అది. తెల్లారకముందే ట్రేలను మోసుకెళ్లే బెల్టు కదలడం మొదలుపెడుతుంది. మొదట్లో లాసే నిలబడి ఖాళీ ట్రే మీద రోగి పేరున్న టికెట్టు, చెంచా, కాగితం రుమాలు పెట్టి తోస్తుంది. ఆ పక్కన రూపవతి టికెట్టు చదివి గిన్నె దించి, పైన వేడి మూత బోర్లిస్తుంది. ఒకరికి ఉప్పు లేనిది, ఒకరికి చక్కెర లేనిది, నమల్లేనివాళ్లకు మెత్తగా రుబ్బినది. ఎవరికేది కావాలో టికెట్టే చెబుతుంది. మనిషి తుమ్మినా దగ్గినా బెల్టు మాత్రం ఆగదు.

ఆ మంగళవారం లాసే తోస్తున్న ట్రేలు చెంచాలు లేకుండా వస్తున్నాయి. రూపవతి తన పక్కనున్న డబ్బాలోంచి తీసి రెండు మూడు సార్లు సర్దింది. మళ్లీ అలాగే వచ్చేసరికి తల తిప్పి చూసింది. లాసే ఏప్రాన్ జేబులో ఫోను సగం బయటికి లాగి దానికేసి చూస్తోంది. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ ట్రేలు తోస్తూనే ఉంది.

"లాసే, స్పూన్."

"సారీ సిస్టర్."

బ్రేక్‌లో ఇద్దరూ లాకర్ల గదిలో కూర్చున్నారు. లాసే టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. ఆమెది బర్మా సరిహద్దు కొండల్లోని కరెన్ జాతి. ఇన్నేళ్లుగా పక్కపక్కన నిలబడి పనిచేస్తున్నా తన ఊరి గురించి ఎప్పుడూ పెద్దగా చెప్పింది లేదు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఇద్దరూ పెద్దయ్యాక నేర్చుకున్న ఇంగ్లీషు. దానికి పని మాటలే ఎక్కువ తెలుసు. ఆ రోజు అదే ఇంగ్లీషులో లాసే యుద్ధం గురించి చెప్పింది.

ఫోనులో మ్యాపు తెరిచింది. మైదానంలోని పట్నం నుంచి కొండలకేసి ఒక ఎర్ర గీత పాకుతోంది. "ఇది బర్మా సైన్యం. లారీలు, ఫిరంగులు. వానలు తగ్గినప్పటి నుంచి ఒక్కో ఊరూ తగలబెట్టుకుంటూ వస్తున్నారు. ఇదిగో, దావ్నా కొండలు. ఇక్కడ కనుమ. అవతల సరిహద్దు ఊరికి దారి. కనుమ మా కరెన్ దళం చేతిలో ఉంది. వాళ్లు ఇక్కడిదాకా వచ్చారంటే పెద్ద యుద్ధం."

"మీవాళ్లు ఎక్కడున్నారు?"

లాసే వేలితో కనుమ మీద తట్టింది. "తమ్ముడు ఇక్కడ." వేలు కొంచెం కిందికి జరిపింది. "అమ్మ ఇక్కడ, అడవిలో. ఊరంతా అక్కడే, ప్లాస్టిక్ పట్టాల కింద. పగలు పొయ్యి వెలిగించరు సిస్టర్. పొగ కనిపిస్తే పైనుంచి బాంబు పడుతుంది."

రూపవతి లాసే దగ్గరికి జరిగింది. పాలకొల్లులో పుట్టి, బాప్టిస్టు సంఘంలో పెరిగిన మనిషి. మాట తోచనప్పుడు ప్రార్థనే మాట ఆమెకు. లాసే చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఆ కొండ మీదున్న బిడ్డల్ని కాపాడు. కిందనుంచి వచ్చేవాళ్ల దారి మూసెయ్యి. ఫరో రథాల చక్రాలు ఊడగొట్టినట్టు వీళ్ల చక్రాలు కూడా ఊడగొట్టు తండ్రీ" అని తెలుగులోనే ప్రార్థించింది. భాష తెలియకపోయినా లాసే చివర ఆమెన్ అంది. తర్వాత డబ్బా తెరిచి, చల్లారిన అన్నం నాలుగు ముద్దలు తింది.

*

బుధవారం సాయంత్రం తెలుగు సంఘం ప్రార్థన కూడిక ఒకరింటి బేస్‌మెంట్‌లో జరిగింది. పాటలయ్యాక, ఎవరైనా ప్రార్థన మనవులుంటే చెప్పండి అన్నారు. ఒకరు కెనడాలో స్థిరంగా ఉండనిచ్చే పీఆర్ కోసం, ఒకరు మోకాలి ఆపరేషన్ కోసం చెప్పారు. వెనక వరసలోంచి ఎర్రయ్య తాత లేచాడు.

ఆయనది బర్మాలో మౌల్మేను దగ్గరి తెలుగు పల్లె. తాతలెప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి పోయారట. కూతురు ఇక్కడ స్థిరపడితే ఆమె దగ్గరకు వచ్చాడు. ఇంగ్లీషు రాదు. ఆయన తెలుగు విని సంఘంలో పిల్లలు మొదట్లో ముసిముసిగా నవ్వేవాళ్లు.

"నా మనవడమ్మా. సాము, సమూయేలు," అని ఆగాడు. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. "సంతకెల్లి ఒస్తంటే దారిలో లారీ ఆపి ఎక్కించీసినారు. ఈడొచ్చిన గుంటలందరూ సైన్యంలోకి రావాలని సట్టం సేసినారు కదా. నాలుగు దినాలు తుపాకి పట్టడం నేర్పి, ఇప్పుడు దావ్నా కొండ దారంట తోల్తన్నారు. ఈల్లనే ముందర నడిపిత్తారంట. మందుపాతర ఉంటే ముందర ఈల్ల కాలే పడాల."

రూపవతి ఒళ్లో ఉన్న బైబిలు కిందికి జారింది. పక్కావిడ వంగి తీసిచ్చింది. అందరూ ఆ పిల్లాడి కోసం కళ్లు మూసుకున్నారు. రూపవతికి మాత్రం ఊడిపోయిన చక్రాల లారీలోంచి ఒక కుర్రాడు కిందికి దూకుతూ కనిపించాడు. ముఖం కనపడలేదు.

ఎర్రయ్య తాతను ఇంటి దగ్గర దింపడం వాళ్లకు అలవాటే. రూపవతి భర్త ఆనందబాబు డ్రైవ్ చేస్తున్నాడు. సన్నగా మంచుతో కలిసిన వాన పడుతోంది.

"తాతగారూ," అంది రూపవతి వెనక సీట్లోంచి, "మా పనిలో ఒకమ్మాయి ఉందండి. కరెన్ అమ్మాయి. వాళ్ల తమ్ముడు ఆ కనుమ మీదే ఉన్నాడు."

వైపర్ అటూ ఇటూ కొట్టుకుంటోంది.

"సేతులెత్తుకుని ఎల్తే ఆల్లు సంపరంటమ్మా," అన్నాడు చివరికి. "అన్నం పెట్టి దాసుకుంటారంట. మా పక్క ఊల్లో గుంటడొకడు అలాగే బతికినాడు. ఎటెల్లాలో, ఎవుల్ని పిలవాలో తెలీకే మావోడు ఆగిపోనాడు." వెనక్కి తిరిగాడు. "ఆ అమ్మని అడుగుతావేటమ్మా?"

అద్దంలో ఆనందబాబు కళ్లు రూపవతికేసి చూశాయి. వద్దు అంటున్నాయి.

"అడుగుతానండి," అంది రూపవతి.

ఇంటికొచ్చాక ఆనందబాబు బూట్లు విప్పుతూ అన్నాడు. "మనకెందుకు రూపా ఇది? అది యుద్ధం. ఎవరెవరో, ఏమిటేమిటో. రేపు ఏదైనా తేడా వస్తే?"

"ఏం తేడా వస్తుందండీ? ఒక పిల్లాడు అటునుంచి ఇటు రావాలి. అంతేగా."

*

గురువారం ఇద్దరికీ గిన్నెలు కడిగే గదిలో డ్యూటీ పడింది. వార్డుల నుంచి తిరిగొచ్చిన ట్రేల మీద మిగిలినదంతా తుడిచి తొట్టిలో వేసి, గిన్నెలు మిషన్లోకి తోయాలి. ఆవిరికి కళ్లద్దాలు మసకబారుతుంటాయి. ఆ చప్పుడులో మాట మూడో మనిషికి వినపడదు. అందుకే రూపవతి అక్కడ అడిగింది.

లాసే చేతిలో ప్లేటు అలాగే ఆగింది. "సైన్యంలో ఉన్నవాడి కోసం నన్ను అడుగుతున్నావా?"

"పట్టుకుపోయారు లాసే. వాడు కోరి వెళ్లలేదు."

"మా ఊరు తగలబెట్టినవాడు కూడా అలాగే అంటాడు."

"వాళ్ల తాతగారు మా చర్చిలోనే ఉంటారు. మంచాయన. నీతో బర్మా భాషలో మాట్లాడతానన్నారు..."

"ఆ సైన్యం భాష నా నోట్లో పెట్టుకోను," అంది లాసే. ప్లేటులో మిగిలిన గుడ్డు ముక్కను రబ్బరు గరిటతో ఎంత గట్టిగా గీకిందంటే, అది ఎగిరి గోడకు తగిలింది. తర్వాత డ్యూటీ అయ్యేదాకా తల దించుకుని పని చేసింది. ప్లేట్లు తోస్తోంది, రూపవతి అందుకుంటోంది. రూపవతి ఒకసారి సారీ అంది. మిషన్ హోరులో వినపడిందో లేదో.

పని దిగాక బస్టాపులో రూపవతి ఒక చివర, లాసే ఒక చివర నిలబడ్డారు. సరస్సు మీంచి గాలి కోసుకుంటూ వస్తోంది. కింద ఊరు, ఆ పైన ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల పొగ. లాసే తాము నిలబడ్డ గుట్ట అంచుకేసి చూసి, "దీన్ని మౌంటెన్ అంటారు వీళ్లు," అంది తనలో తాను అనుకున్నట్టు. కాసేపయ్యాక దగ్గరికొచ్చింది.

"తమ్ముడికి మెసేజ్ పెట్టా. ఇంతకుముందు కూడా పిల్లలు కొందరు వచ్చారట. బతికే ఉన్నారు." స్కార్ఫ్ నోటి మీదనుంచి కిందికి లాక్కుంది. "తుపాకి వదిలెయ్యాలి. తలకు తెల్లగుడ్డ కట్టుకోవాలి. కానీ ఎటునుంచి వస్తాడో తెలియకపోతే మావాళ్లే కాల్చేస్తారు. వాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో కనుక్కో."

"కనుక్కుంటా," అంది రూపవతి. ఆ క్షణంలో లాసేను కౌగిలించుకోవాలనిపించింది. లాసే అప్పటికే బస్సు వస్తున్న వైపు తిరిగిపోయింది.

*

శుక్రవారం రూపవతికి సెలవు. పొద్దున్నే ఎర్రయ్య తాత కూతురి అపార్ట్‌మెంటుకు వెళ్లింది. కూతురు పనికి పోయింది. ముసలాయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను బల్ల మీద పెట్టుకుని దానికెదురుగా కూర్చుని ఉన్నాడు. ఎవరో అతిథి కోసం ఎదురుచూస్తున్నట్టు.

చాలాసేపటికి ఫోను మోగింది, సాము దొంగచాటుగా దాచుకున్న ఫోను నుంచి. ముసలాయన మాటలు రాక ఫోను రూపవతి చేతికిచ్చేశాడు.

"సిన్నమ్మా," అంది అవతల ఒక సన్నటి గొంతు. "తాత సెప్పినాడు. బేగి సెప్పు. ఫోను దాసుకోవాల."

"ఎక్కడున్నారు నాన్నా మీరు?"

"బడిలో. రబ్బరు తోటలో బడి. వంతెన దాటినాక ఎడం పక్క. ముందర గదుల్లో మేము. ఎనక ఆటల మైదానంలో పెద్ద ఫిరంగులు. ఎల్లుండి పైకి ఎక్కాలంటన్నారు."

"బడి పక్కన ఏముంది?"

"వాగు. నీల్లకి మమ్మల్నే తోలతారు."

"ఆ వాగు వెంటే పైకి నడువు. తుపాకి పట్టుకోవద్దు. తలకు తెల్లగుడ్డ కట్టుకో. పైనుంచి ఎవరైనా పిలిస్తే చేతులు పైకెత్తి నిలబడిపో. అర్థమైందా?"

"నాతోటి పైడిరాజు ఉన్నాడు. మా ఊరోడే. ఆడు కూడా ఒత్తాడు."

రూపవతి ఒక్క క్షణం ఆలోచించింది. "రండి. కానీ ఇద్దరూ ఒక్కసారి కదలొద్దు. ఒకళ్ల వెనక ఒకళ్లు."

"అయితే నాను ముందర. ఆడు రెండో బింది నీల్లకి ఒత్తాడు."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఇంకో గొంతు, కొంచెం బొంగురుగా, నవ్వు ఆపుకుంటూ. "అమ్మా, కెనడాలో ఇంటి మీద మంచు పడతాదంట, నిజమేనేటి?"

"నిజమే బాబూ. ఇవాళ కూడా పడుతోంది."

"అబ్బో," అన్నాడు వాడు. ఫోను కట్టయింది.

ఇంటికొచ్చి రూపవతి ఆ వివరాలన్నీ లాసేకు ఎలా చెప్పాలా అని ఫోను పట్టుకుని కూర్చుంది. ఇంగ్లీషులో వంతెన ముందో తోట ముందో తేలలేదు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు అబిగేల్ తల్లి భుజం మీంచి తొంగి చూసింది.

"వాట్ ఆర్ యు డూయింగ్, మామ్?"

చెప్పింది. అబిగేల్ ఫోను తీసుకుని మ్యాపులో ఉపగ్రహం బొమ్మ తెరిచింది. పచ్చటి కొండలు పెద్దవవుతూ వచ్చాయి. దారి, దారి మీద వంతెన, వరసల్లో నాటిన చెట్లు. చెట్ల మధ్య పొడుగాటి రేకుల కప్పు. దాని వెనక మట్టి మైదానం, రెండు చివరలా గోలు స్తంభాలు. "దిస్ ఈజ్ ఇట్. దేర్స్ ఎ సాకర్ ఫీల్డ్. జస్ట్ డ్రాప్ ఎ పిన్." వేలు ఆ కప్పు మీద నొక్కి పట్టింది. ఎర్రటి గుర్తు ఒకటి అక్కడ నిలబడింది.

రూపవతి ఆ గుర్తును లాసేకు పంపింది. దాని వెనకే గొంతు రికార్డు చేసి పంపింది. "టూ బాయ్స్, లాసే. నాట్ వన్. టూ." సరిగ్గా పలికానో లేదోనని మళ్లీ ఒకసారి చెప్పి పంపింది.

అవతలనుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది.

*

శనివారం పొద్దున్న బెల్టు మొదలవకముందే లాసే ఫోను చూపించింది. ఒక బక్కపల్చటి కుర్రాడు చెట్టు మొదట్లో కూర్చుని రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఉన్నాడు. తలకు కట్టుకున్న తువ్వాలు ఇంకా అలాగే ఉంది. కళ్లు కెమెరాలోకి కాక పక్కకెక్కడికో చూస్తున్నాయి.

"సాము!" అంది రూపవతి. ఎప్పుడూ చూడని పిల్లాడిని పేరు పెట్టి పిలిచింది. లాసేను గట్టిగా పట్టేసుకుంది. ఇద్దరి నెట్ టోపీలూ ఒకదానికొకటి చిక్కుకున్నాయి. "గాడ్ బ్లెస్ యు, లాసే. రెండో అబ్బాయి?"

లాసే మెల్లగా విడిపించుకుంది. "బెల్టు స్టార్ట్ అవుతోంది," అంది.

రూపవతి మూతలు బోర్లిస్తూ పోయింది. ఉప్పు లేనిది. చక్కెర లేనిది. మెత్తగా రుబ్బినది. చెంచాలు ఒక్కటి కూడా తప్పకుండా వస్తున్నాయి. అంత సరిగ్గా వస్తుంటే ఆమెకు భయం వేసింది.

బ్రేక్‌లో లాసే లాకర్ల గదికి రాలేదు. రూపవతి వెతుక్కుంటూ వెళితే వెనక గుమ్మం దగ్గర, పాల డబ్బాల ఖాళీ పెట్టెల పక్కన నిలబడి ఉంది.

"రెండో అబ్బాయి రాలేదా?"

"రాలేదు."

"ఇంకా బళ్లోనే ఉన్నాడా? ఇంకోసారి ట్రై చేద్దామా?"

"బడి లేదు సిస్టర్."

రూపవతికి అర్థం కాలేదు. లాసే ఫోను తీసి అందించింది. పైనుంచి డ్రోన్ తీసిన వీడియో. రేకుల కప్పు, మైదానం, గోలు స్తంభాలు. నిన్న చూసిన బొమ్మే. చూస్తుండగానే మైదానంలో తెల్లటి పొగ లేచింది. తర్వాత కప్పు మధ్యలో ఇంకొకటి. కప్పు లోపలికి ముడుచుకుపోయింది. వీడియోకు శబ్దం లేదు.

"నేను ఇద్దరని చెప్పాను కదా. రెండుసార్లు చెప్పాను."

"నేనూ చెప్పా. తమ్ముడూ చెప్పాడు. వాళ్ల కమాండర్ ఆగలేదు. మొదటివాడు పారిపోయాడని తెలియగానే సైన్యం వెతకడం మొదలుపెడుతుంది, ఫిరంగులు కదిలిపోతాయి అన్నాడట."

"పిల్లాడిని తెచ్చుకోడానికి చోటు అడిగావు నువ్వు."

"అవును. తెచ్చాం."

"లాసే..."

"ఆ ఫిరంగులు రేపు కనుమ కిందికి వచ్చేవి. కనుమ కింద మా అమ్మ ఉంది." లాసే గొంతు పెరగలేదు. "నాకు నువ్వు చోటు ఇచ్చావు. నేను తమ్ముడికి ఇచ్చా. వాడు యుద్ధంలో ఉన్నాడు సిస్టర్. దాన్ని ఏం చేస్తాడనుకున్నావు?"

రూపవతి ఏం అనుకుంది? అటునుంచి ఇటు ఒక పిల్లాడు నడిచి వస్తాడనుకుంది. నడిచి వచ్చాడు కూడా. లోపల గంట మోగింది. ఇద్దరూ చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు తొడుక్కుని మధ్యాహ్నం ట్రేలకు నిలబడ్డారు.

ఇంటికి వెళ్లేసరికి అబిగేల్ సోఫాలోంచి తల ఎత్తింది. "డిడ్ హీ మేక్ ఇట్?"

"వచ్చాడు."

"ఆసమ్," అంది పిల్ల. మళ్లీ చదువులో పడింది. రూపవతి కోటు విప్పకుండానే స్నానాల గదిలోకి పోయి, కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో కూర్చుంది. ఆనందబాబు వచ్చి తలుపు కొట్టాడు. ఏమైందని అడిగితే చెప్పింది. నేను ముందే అన్నాను కదా అని ఆయన అనలేదు. తువ్వాలు తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్లాడు.

*

ఆదివారం చర్చి మెట్ల దగ్గరే ఎర్రయ్య తాత ఎదురొచ్చాడు. చేతిలో జాంగ్రీల పెట్టె. "నా సామూని ఆ దేవుడూ, నువ్వూ ఒడ్డెక్కించినారమ్మా. ఇయాల సాక్ష్యం సెప్తాను." అంతలోనే గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. ఇలా రా."

కోట్లు తగిలించే గదిలోకి తీసుకుపోయాడు. ఆయన ఫోను అప్పటికే ఎవరితోనో కలిసి ఉంది, అరచేత్తో మూసి పట్టుకున్నాడు.

"పైడిరాజు తల్లి, నూకమ్మ. సాము ఒచ్చీసినాడని ఊల్లో తెలిసిపోనాది. మావోడిని కూడా ఆ అమ్మకి సెప్పి తెప్పించండని ఏడుస్తంది. బడి సంగతి సాము నాకు సెప్పినాడు. ఆడు వాగు దాటతంటేనే పేలిందంట. నాను దానికి సెప్పలేకపోనాను." ముసలాయన కళ్లు ఎర్రబడ్డాయి. "సూత్తన్నాం, అడుగుతన్నాం అని నువ్వో మాట సెప్పమ్మా. ఆశ మీద నాలుగు దినాలు బతుకుద్ది."

పైన కీబోర్డు మొదలైంది. ఆయన ఫోను రూపవతి చేతిలో పెట్టి, జాంగ్రీల పెట్టె పట్టుకుని మెట్లెక్కాడు.

"అమ్మా," అంది అవతలి గొంతు. "ఆ కెనడా అమ్మవేనా? మావోడి పేరు పైడిరాజు. రాసుకో అమ్మా. సాము ఒచ్చిన దారంటనే మావోడిని కూడా..."

"నూకమ్మగారూ," అంది రూపవతి. చూస్తున్నామండి అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఆ మాట ఎంత సులువుగా ఉందో ఆమెకు తెలిసింది. "ఆ బడి మీద బాంబులు పడ్డాయమ్మా. సాము బయటికి వచ్చిన కాసేపటికే. మీ అబ్బాయి లోపలే ఉన్నాడు."

అవతల ఎక్కడో కుక్క మొరుగుతోంది, ఎవరో దాన్ని అదిలించారు.

"లోపల ఉన్నోడు సచ్చిపోనాడని ఎవురు సెప్పినారు?"

"వీడియో చూశానమ్మా. కప్పు మొత్తం కూలిపోయింది."

"అక్కడ గుంటలు పడుకుంతన్నారని ఆల్లకెలా తెలిసినాది?"

రూపవతి ముందు వరసగా కోట్లు వేలాడుతున్నాయి, పిల్లలవి కింద, పెద్దలవి పైన. కరిగిన మంచు వాటి అంచుల నుంచి బొట్లు బొట్లుగా రాలుతోంది. పైన పాట అయిపోయింది. ఎర్రయ్య తాత గొంతు నేల పలకల మీదుగా అస్పష్టంగా వినిపిస్తోంది. నా మనవడు, నా దేవుడు అంటున్నాడు. స్తోత్రం అంటోంది సంఘం.

"నేనే చెప్పానమ్మా," అంది రూపవతి. "సామునీ మీవాడినీ తీసుకొస్తారని చోటు అడిగితే చెప్పాను. దాన్ని ఇలా వాడతారని నాకు తెలీదు. కానీ చెప్పింది మాత్రం నేనే."

తిడుతుందనుకుంది. తిడితే వినాలనుకుంది. ఫోను పెట్టేస్తుందేమోనని కూడా అనుకుంది. నూకమ్మ రెండూ చెయ్యలేదు. చాలాసేపు ఊపిరి మాత్రం వినిపించింది, బరువు మోసుకుంటూ ఎత్తు ఎక్కుతున్న మనిషి ఊపిరిలా.

"అయితే నీ మాట ఆల్లు వింటారు," అంది చివరికి. "ఆ బడి ఇప్పుడెవులి సేతిలో ఉంది?"

"కరెన్‌వాళ్ల చేతిలోనేనమ్మా. కొండ మీంచి దిగి తీసుకున్నారని నిన్న మా పనిలో అమ్మాయి చెప్పింది."

"అయితే ఆల్లనే అడుగు. గుంటల్ని పాతిపెట్టినారో, అలాగే ఒగ్గీసినారో అడుగు. మావోడికి సిటికెనేలు లేదు. సిన్నప్పుడు రబ్బరు పిండే మిసన్లో పడిపోనాది. ముఖం తెలీకపోయినా దాన్ని బట్టి తెలుస్తాది. దొరికితే ఇడిగా పాతిపెట్టి, మీద ఏదన్నా గుర్తు పెట్టమని సెప్పు. నాను ఎప్పుడో ఒకప్పుడు ఎల్తాను."

"అడుగుతానమ్మా."

"తప్పకండా అడుగు. నీకు తప్ప నాకు ఇంకెవులూ తెలీదు," అంది నూకమ్మ. అప్పుడు ఫోను పెట్టేసింది.

రూపవతి పైకి వెళ్లలేదు. ఆరాధన అయ్యి జనం కోట్ల కోసం దిగేదాకా అక్కడే నిలబడింది. ఎవరో ఆమె చేతిలో జాంగ్రీ ముక్క పెట్టారు.

*

సోమవారం కనుమ దగ్గర యుద్ధం మొదలైందని లాసే చెప్పకుండానే తెలిసింది. ఆమె కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. జేబులో ఫోను పదేపదే తడుముకుంటోంది. తమ్ముడి నుంచి శనివారం తర్వాత కబురు లేదు. అమ్మ ఉన్న అడవిలోకి జనం పరిగెడుతున్నారని మాత్రం ఎవరో చెప్పారట. ఇదంతా రూపవతికి చెప్పలేదు, అవతల గిన్నెల దగ్గరున్నావిడ అడిగితే చెప్పింది.

బెల్టు కదిలింది. ట్రే వచ్చింది. రూపవతి టికెట్టు చదివింది, గిన్నె దించింది, మూత బోర్లించింది. ఇంకో ట్రే. ఇంకోటి. లాసేను క్షమించిందో లేదో ఆమెకు తెలియదు. తనకు ఆ హక్కు ఉందో లేదో కూడా తెలియదు. అడుగుతానని మాటిచ్చిన సంగతి ఒక్కటే తెలుసు.

"లాసే," అంది బెల్టు మీంచి చూపు తిప్పకుండా. "ఆ బళ్లో ఉన్న రెండో అబ్బాయి. వాళ్లమ్మతో మాట్లాడాను. శవాన్ని వెతికిస్తారా అని అడిగింది. విడిగా పాతిపెట్టి గుర్తు పెట్టమంది. పేరు పైడిరాజు. ఒక చేతికి చిటికెనవేలు ఉండదు."

లాసే టికెట్టు, చెంచా, రుమాలు పెట్టి ట్రే తోసింది. ఇంకో ట్రే అలాగే తోసింది. మూడో ట్రే మీద టికెట్టు పెట్టి చెంచా కోసం చాచిన చెయ్యి డబ్బాలోనే ఉండిపోయింది. ఆ ట్రే చెంచా, గిన్నె లేకుండానే రూపవతిని దాటి బెల్టు చివరికంటా వెళ్లిపోయింది. అక్కడినుంచి ఎవరో విసుగ్గా కేకేశారు.

"ఏ చెయ్యి?" అంది లాసే.

రూపవతి నోరు తెరిచింది. నూకమ్మ చెప్పలేదు. తనూ అడగలేదు.

"కనుక్కుంటా," అంది.